అప్‌డేట్: పీజో టైల్ లెక్క తేలింది, ఎల్‌ఈడీ మాత్రం వెలగలేదు

పోయినసారి ఇక్కడ మిమ్మల్ని అడిగింది ఇదీ: 60 కిలోల మనిషి తొక్కితే, పది పీజో బజర్ డిస్కులు (ఒత్తితే కరెంటు పుట్టించే పలుచని బిళ్లలు) పెట్టిన టైల్ ఎంత కరెంటు ఇస్తుంది? డిస్కుకు 12 వోల్టులు వస్తున్నాయని పదితో గుణించేసి తెగ సంబరపడ్డాను. తప్పు అక్కడే.

మీరు చెప్పినట్టు ముందు చార్జీ లెక్కేశాను. పీజెడ్‌టీకి (ఆ డిస్కుల్లో ఉండే పీజో పదార్థం) న్యూటన్‌కు సుమారు 400 పికోకూలంబులు అనుకుంటే, 600 న్యూటన్లకు, అంటే 60 కిలోల బరువంతా ఒకే డిస్కు మీద పడితే, 0.24 మైక్రోకూలంబులు. డిస్కు కెపాసిటెన్స్ 20 నానోఫారడ్లు. భాగిస్తే ఆ 12 వోల్టులే. కానీ శక్తి? దాదాపు 1.4 మైక్రోజౌళ్లు. 20 మిల్లీవాట్ల ఎల్‌ఈడీకి అది సెకనులో పదివేలవ వంతు సేపటికి కూడా చాలదు!

ఇంకో దెబ్బ. పదింటినీ ప్యారలల్‌లో కలిపితే బరువు పంచుకుంటాయి కాబట్టి మొత్తం చార్జీ అంతే, కెపాసిటెన్స్ మాత్రం పదింతలు. అంటే 1.2 వోల్టులు. బ్రిడ్జిలో (ఏసీని డీసీగా మార్చే డయోడ్ల సర్క్యూట్) రెండు సిలికాన్ డయోడ్లు దాన్ని అక్కడికక్కడే మింగేస్తాయి. మూడు రోజులు సోల్డరింగ్ బాలేదేమో అని తీసి మళ్లీ అతికించాను, ఏం చెప్పను.

మల్టీమీటర్ రీడింగ్ ఎందుకు జారిపోతోందో కూడా తెలిసింది. 10 మెగాఓమ్‌ల మీటరు, 20 నానోఫారడ్లు కలిస్తే చార్జీ చాలా వరకు జారిపోవడానికి 0.2 సెకన్లే. కొలిచేదే ఖాళీ చేస్తోంది.

ఇప్పుడు డిస్కు అంచుల కింద మాత్రమే ఫోమ్ ముక్కలు పెట్టి, మధ్యలో వంగేలా చేశాను. వోల్టేజీ బాగా పెరిగింది. ఒక డిస్కు టప్‌మని పగిలింది కూడా. ప్రతి డిస్కుకూ విడిగా బ్రిడ్జి పెట్టి, ఒకే కెపాసిటర్‌లోకి నింపుతున్నాను.