బరంపురం నుంచి న్యూయార్క్: ఢిల్లీలో ఎన్ని గంటల వ్యవధి ఉంచుకోవాలి?

ఢిల్లీ–న్యూయార్క్ దూరం సుమారు 11,750 కి.మీ. గంటకు 900 చొప్పున 13 గంటలే, కానీ వెళ్లేటప్పుడు టికెట్లో 15 దాటుతోంది. ఎదురుగాలి, చుట్టుదారి, రన్‌వే దగ్గర నిరీక్షణ కలిస్తే అంతే మరి. చలికాలంలో పదిన్నర గంటల గడియారం తేడా కూడా లెక్కేశాం.

అసలు చిక్కు ఇటువైపే. బరంపురం నుంచి రైల్లో విశాఖ 277 కి.మీ., భువనేశ్వర్ 166. కాబట్టి భువనేశ్వరే నయం. అక్కడి నుంచి ఢిల్లీకి విడి టికెట్టు చవగ్గా వస్తోంది. కానీ అది ఆలస్యమైతే పెద్ద విమానం పోయినట్టే, పైగా ఢిల్లీలో సామాను తీసుకుని మళ్లీ చెక్‌ఇన్ చెయ్యాలి. డిసెంబరు, జనవరి పొగమంచుకు ఆరు గంటల వ్యవధి చాలుతుందా, ముందురోజే చేరాలా? రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ (ఒకే బుకింగ్ నంబరు) మీద కొంటే ఎంత ఎక్కువవుతుంది? ఆ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి బాబూ.