అప్‌డేట్: చీమకుర్తి నుంచి ఒంగోలుకు నా మొదటి బండి

చీమకుర్తి నుంచి ఒంగోలుకు రోజూ ఉద్యోగానికి వెళ్లాలి, ఎప్పుడూ బండి నడపలేదు, పాత 150 సీసీ తీసుకోవాలా, కొత్త 125 తీసుకోవాలా అని నాలుగు నెలల క్రితం అడిగాను. సమాధానం చెప్పిన అందరికీ మనసారా ధన్యవాదాలు.

కొత్త హోండా షైన్ 125 తీసుకున్నాను. అంతకుముందు ఒక పాత 150 బేరం దాదాపు కుదిరింది. మీలో ఒక అన్న చెప్పినట్టు ఛాసిస్ నంబరును (బండి ఫ్రేము మీద చెక్కి ఉండేది) ఆర్‌సీతో, అంటే రిజిస్ట్రేషన్ పత్రంతో, పోల్చి చూస్తే చివరి రెండు అంకెలు కలవలేదు, అందుకే వదిలేశాను. అడ్వాన్సు ఇవ్వకముందే చూడటం ఎంత మంచిదైందో!

ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) వచ్చాక మూడు వారాలు ఖాళీ మైదానంలోనే నేర్చుకున్నాను. మామయ్య ఒక ఇటుక పెట్టి, 40 వేగంతో వచ్చి దాని దగ్గర ఆపమనేవాడు. మొదట్లో వెనక బ్రేకు ఒక్కటే తొక్కి ప్రతిసారీ ఇటుక దాటిపోయేదాన్ని. నా బండికి సీబీఎస్ ఉంది, అంటే కాలి బ్రేకు తొక్కితే ముందు చక్రానికి కూడా కొంత పడుతుంది. అయినా చేతి బ్రేకును మెల్లగా బిగిస్తూ రెండూ కలిపి వాడటం అలవాటయ్యాకే ఇటుకకు ఇవతల ఆగగలిగాను.

ఇక అసలు భయం గ్రానైట్ లారీలు. పెద్ద రాయి మోసే లారీ వెనక దగ్గరగా వెళితే ఎదుటి రోడ్డు కనిపించదు, దుమ్ము కళ్లలో పడుతుంది. లారీ అద్దంలో డ్రైవరు ముఖం నాకు కనిపించకపోతే నేనూ అతనికి కనిపించనట్టే. అందుకే బాగా వెనకబడి వస్తున్నాను, పది నిమిషాలు ఆలస్యమైనా సరే. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ కొన్నాను, పట్టీ బిగించనిదే అమ్మ గేటు తీయదు.

వానాకాలంలో టైర్లలో గాలి ఎంత ఉంచాలో తెలిసినవారు చెప్పండి. కంపెనీ పుస్తకంలో ఉన్నంతే ఉంచుతున్నాను.