అప్‌డేట్: వేప బుడిపె గిన్నె బెరడు ఊడకుండా వచ్చేసింది

వేప చెట్టుకి గడ్డలా ఉబ్బిన బుడిపెని లేత్ (చెక్కని గిర్రున తిప్పే మెషిన్) మీద గిన్నె చేస్తుంటే అంచున ఉంచిన బెరడు లేచిపోతోంది, ఏం చెయ్యాలి అని అడిగాను కదా, పని అయిపోయిందండి. మీరు చెప్పినట్టే బెరడుకీ చెక్కకీ మధ్య సందులోకి పల్చటి సూపర్ గ్లూ దించి, ఆరాక, రాణిగంజ్‌లో కొన్న గౌజ్‌కి (లేత్ మీద చెక్క కోసే గుండ్రటి ఉలి) మళ్ళీ పదును పెట్టి బెరడు వైపు నుంచి లోపలికి కోశా, అలా కోస్తే బెరడు చెక్క మీదకే నొక్కుకుంటుంది గానీ బయటకి లేవదు, అసలు కిటుకంతా అదే. బ్యాలెన్స్ కుదిరేదాకా స్పీడ్ తక్కువే. అంచు సాండింగ్ మాత్రం లేత్ ఆపేసి చేత్తో చెయ్యండి, తిరిగేటప్పుడు ఆ ఎగుడుదిగుడు అంచు కంటికి ఆనదు, వేళ్ళకి తగిలిందంటే అంతే. మాస్క్ కూడా తప్పనిసరి. నూనె రాయగానే లోపలి కళ్ళు కళ్ళు డిజైన్ మొత్తం తేలింది, ఎంత బాగుందో! ఇంకో ముక్క పచ్చిగానే ఉంది, దాన్ని ముందు మందపాటి గిన్నెలా కోసి, మన హైదరాబాద్ ఎండకి పగలకుండా పేపర్ కవర్లో చుట్టి నీడన ఆరబెడతా.