ఒకే రెస్పాన్స్‌లో జేసన్, ఫొటో రెండూ పంపడం ఎట్టా?

గుంటకాడ_కోడ్ (ఇందుకూరుపేట):
అన్నా, మా వైపు రొయ్యల గుంటలోళ్ళకి వెబ్ యాప్ చేస్తన్నా. గుంట నంబర్ కొడితే ఆరోజు పీహెచ్, ఉప్పు శాతం జేసన్‌లో (డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి), చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) ఫొటో దాంతోపాటే సర్వర్ నుంచి ఒకేసారి రావాల. గట్ల మీద సిగ్నల్ ఎప్పుడుంటదో తెలీదు, రెండు రిక్వెస్టులు పెడితే ఒకటొచ్చి ఇంకోటి రాక నిన్నటి ఫొటో పక్కన ఈరోజు రీడింగ్ కనపడతది, అది చూసి రైతు మేత పెంచితే నష్టం మామూలుగా ఉండదు. మల్టీపార్ట్ ఫామ్ డేటా (ఒకే మెసేజ్‌లో టెక్స్ట్, ఫైళ్ళు ముక్కలుగా పెట్టే పద్ధతి) అప్‌లోడ్‌కేనా, రెస్పాన్స్‌గా కూడా పంపొచ్చా? నోడ్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేది) ఆ ముక్కలన్నీ చేత్తో రాసి పంపితే బ్రౌజర్‌లో రెస్పాన్స్.ఫామ్‌డేటా() దగ్గర టైప్ ఎర్రర్ వస్తా ఉండాది.

ఒంగోలు_బ్యాకెండ్:
పంపొచ్చు తమ్ముడూ. 2015లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7578 (ఈ పద్ధతికి రాసిన ఇంటర్నెట్ ప్రమాణం) ఫామ్‌లు నింపి పంపడాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిందే గానీ, ఫెచ్‌లో (బ్రౌజర్ సర్వర్‌తో మాట్లాడే ఫంక్షన్) ఫామ్‌డేటా() రిక్వెస్ట్‌కీ ఉంది, రెస్పాన్స్‌కీ ఉంది. ముందు బౌండరీ, అంటే ముక్కల్ని విడదీసే గుర్తు, చూడు. కంటెంట్ టైప్ హెడర్‌లో ఏం పెట్టావో బాడీలో ప్రతి పార్ట్ ముందు రెండు హైఫన్లు పెట్టి అదే రావాల, ఆఖర్న వెనక కూడా రెండు హైఫన్లు. లైన్ చివర ఉత్త న్యూలైన్ చాలదు, సీఆర్ఎల్ఎఫ్ (\r\n, రెండు అక్షరాల లైన్ ముగింపు) ఉండాల. ప్రతి పార్ట్‌కి నేమ్‌తో కంటెంట్ డిస్పోజిషన్ హెడర్, హెడర్లయ్యాక ఒక ఖాళీ లైను. వీటిల్లో ఏది తప్పినా టైప్ ఎర్రరే.

నెల్లూరు_నోడ్:
పైన అన్న చెప్పింది కరెక్టే కానీ అసలు చేత్తో ఎందుకు రాయడం? నోడ్ 18 నుంచి ఫామ్‌డేటా, రెస్పాన్స్ లోపలే ఉండాయి. ఫామ్‌డేటాకి రీడింగ్, ఫొటో అపెండ్ చేసి కొత్త రెస్పాన్స్‌లో పెట్టు, బౌండరీ అదే వేసుకుంటది, ఆ కంటెంట్ టైప్‌ని ఉన్నది ఉన్నట్టు, అర్రేబఫర్ బైట్లని బఫర్.ఫ్రమ్‌తో బఫర్‌గా మార్చి ఎక్స్‌ప్రెస్‌కి (నోడ్‌లో సర్వర్ రాసే ఫ్రేమ్‌వర్క్) ఇచ్చెయ్. ఆ హెడర్ మాత్రం నువ్వు సొంతంగా పెట్టబాక. చేత్తోనే రాస్తానంటే ఫొటోని స్ట్రింగ్‌కి కలపొద్దు, జేపెగ్ బైట్లు యూటీఎఫ్-8లో పడి పాడైపోతాయి, బఫర్.కాన్‌క్యాట్ వాడు.

కందుకూరు_యాప్స్:
నా మాట ఇంకోటి. రేపు మొబైల్ యాప్ చేస్తే దీన్ని విడదీసే లైబ్రరీ నువ్వే ఎతుక్కోవాల. జేసన్‌లో ఫొటో యూఆర్ఎల్ ఇచ్చి, ఆ యూఆర్ఎల్‌లోనే రీడింగ్ ఐడీ పెడితే నిన్నటి ఫొటో వచ్చే దారే లేదు, క్యాష్ కూడా అవుతది, అంటే బ్రౌజర్ దాచుకుంటది. ఫొటోని బేస్64 చేసి, అంటే అక్షరాలుగా మార్చి జేసన్‌లోనే పెడితే సైజు మూడో వంతు పెరుగుద్ది, ఆ సిగ్నల్‌కి అది వద్దు.

గుంటకాడ_కోడ్:
ఐడీ ఐడియా బాగుందన్నా, కానీ ఫొటో అసలు రాకుండా రీడింగ్ ఒక్కటే కనపడినా మాకు ఇబ్బందే, రెండూ రావాల లేదా రెండూ రాకూడదు. నోడ్ ఫామ్‌డేటాతోనే పోతా. సగంలో సిగ్నల్ పోతే ఏమవుద్ది?

ఒంగోలు_బ్యాకెండ్:
మొత్తం చేరకపోతే ఫామ్‌డేటా() ఫెయిల్ అవుద్ది, సగం డేటా నీ చేతికి రాదు, నీకు కావాల్సింది అదే గదా. క్యాచ్‌లో 'మళ్ళీ ప్రయత్నించండి' అని చూపించు. ఫైల్‌నేమ్ లేని పార్ట్ స్ట్రింగ్‌గా వస్తది కాబట్టి రీడింగ్‌ని జేసన్.పార్స్ చేసుకో, ఫొటో ఫైల్‌గానే వస్తది.