పూర్తి నల్ల పొట్టేలుకు తెల్ల మచ్చల పిల్లలు ఎందుకు పుడుతున్నాయి?

మాది దేవరకద్ర దగ్గర. గొంగడి ఉన్ని కోసం దక్కనీ గొర్రెలు పెంచుతున్నాం. రంగు వేయకుండా నేసే గొంగడికి మచ్చలేని నలుపే కావాలి. నల్ల గొర్రెలకు నల్ల పొట్టేలునే దాటించినా, కొన్ని పిల్లలు నుదుటి మీద, తోక చివర తెల్ల మచ్చతో పుడుతున్నాయి. ఎండకు ఉన్ని కొసలు గోధుమ రంగుకు తిరగడం కాదు, అది మాకు తెలిసిందే. ఇది విప్పి చూస్తే మొదలు దాకా తెలుపే, కింద చర్మం గులాబీ రంగు. కత్తిరించాక కూడా అక్కడ తెల్లగానే పెరుగుతోంది. మినరల్ మిక్చర్ పెట్టాం, పొట్టేలును మార్చాం, తేడా లేదు. ఈ నల్ల మందను నిలబెట్టుకోవాలని చాలా ఆశగా ఉంది.

పైకి నల్లగా ఉంటూ లోపల మచ్చ గుణం మోసే పొట్టేలును కొనేముందే గుర్తుపట్టే మార్గం ఏదైనా ఉందా?