రచయిత మారాక లిస్బెత్ సలాండర్ లిస్బెత్ సలాండర్‌గానే ఉందా?

ప్రశ్న

స్వీడన్ రచయిత స్టీగ్ లార్సన్ రాసిన మిలేనియం థ్రిల్లర్ సిరీస్‌లోని మొదటి మూడు నవలలను నేను ఇప్పటికి మూడుసార్లు చదివాను. డేవిడ్ లాగర్‌క్రాంట్జ్ రాసిన నాలుగో నవల 2015లో వచ్చినప్పుడు ఎంతో ఆశగా మొదలుపెట్టి, సగం దాకా చదివి పక్కన పెట్టేశాను. లోపం ఎక్కడుందో ఆనాడు నాకు నేనే చెప్పుకోలేకపోయాను. కథానాయిక సలాండర్ ఎప్పటిలాగే ముభావంగా ఉంది, కంప్యూటర్ ముందు కూర్చుంటే ఎంతటి కట్టుదిట్టాన్నైనా ఛేదిస్తోంది. పాత్రికేయుడు మికేల్ బ్లూమ్‌క్విస్ట్ కూడా తన పత్రికను ఎలా నిలబెట్టుకోవాలా అని ఎప్పటిలాగే మథనపడుతున్నాడు. అయినా బాగా తెలిసిన ఇంటికి వెళ్తే సామానంతా ఎక్కడిదక్కడే ఉండి, మనుషులు మాత్రం మారిపోయినట్టు అనిపించింది.

లాగర్‌క్రాంట్జ్ మరో రెండు నవలలు రాసి 2019లో సిరీస్ నుంచి తప్పుకున్నారు. 2022లో కారిన్ స్మిర్నాఫ్ అనే రచయిత్రి ఏడో నవలతో దాన్ని అందుకున్నారు. ఇప్పుడు నాకు రెండు సందేహాలు ఉన్నాయి. వదిలేసిన చోటు నుంచే చదవాలా, లేక నేరుగా ఏడో నవలకు వెళ్లవచ్చా అన్నది చిన్నది. ప్రాణంగా చూసుకున్న సిరీస్‌ను వేరొకరు కొనసాగించినప్పుడు కలిగే ఈ వెలితి నిజంగా ఆ రచనలోనే ఉంటుందా, లేక పాత రచయిత తప్ప మరెవరూ వద్దని ముందే తీర్మానించుకున్న మన మనసులో ఉంటుందా అన్నది రెండోది. చదివినవారు తమ అనుభవం చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి సమాధానం

వెలితి రచనలోనే ఉందని నా నమ్మకం. అయితే దాన్ని నైపుణ్యం తక్కువ కావడంగా చూడకూడదు. కథను పరుగెత్తించడంలో లాగర్‌క్రాంట్జ్ లార్సన్‌కు తీసిపోరు. ఆ మాటకొస్తే లార్సన్ కంటే పొందికగానే రాస్తారు. లార్సన్ నవలల్లో ఏ సంపాదకుడైనా కత్తిరించాలనుకునే పేజీలు ఎన్నో ఉన్నాయి. రెండో నవలలో సలాండర్ కొత్త ఇంటికి ఐకియాలో కొన్న ఫర్నిచర్ జాబితా ఒక్కొక్క వస్తువు పేరుతో సహా వస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు విసుగు పుట్టింది, రెండోసారి చదివినప్పుడు మాత్రం ఎన్నడూ తనదంటూ ఒక గూడు లేని మనిషి జీవితంలో తొలిసారి ఇల్లు అమర్చుకుంటోందన్న సంగతి ఆ జాబితాలోనే తెలిసింది.

అసలు తేడా కోపంలో ఉంది. లార్సన్ వృత్తిరీత్యా పాత్రికేయుడు. స్వీడన్‌లోని జాత్యహంకార, నయా నాజీ బృందాల మీద నిఘా పెట్టేందుకు 1995లో మొదలైన ఎక్స్‌పో పత్రికను స్థాపించినవారిలో ఒకరు. మొదటి నవలకు స్వీడిష్‌లో ఆయన పెట్టిన పేరుకు ‘స్త్రీలను ద్వేషించే పురుషులు’ అని అర్థం. ఇంగ్లీషులోకి వచ్చేసరికి దాన్ని తీసేసి కథానాయిక ఒంటి మీది పచ్చబొట్టును పేరుగా పెట్టారు. ఆ నవలలో ఒక భాగం తరువాత మరో భాగం మొదలయ్యే చోటల్లా స్వీడన్‌లో స్త్రీల మీద జరుగుతున్న హింస గురించి ఒక వాస్తవం ఉంటుంది. దేశంలోని స్త్రీలలో 18 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు పురుషుడి బెదిరింపుకు గురైనవారే అన్నది వాటిలో మొదటిది. థ్రిల్లర్ రాస్తూ ప్రతి భాగానికీ ముందు ఇలాంటి లెక్క పెట్టే రచయితకు హంతకుడెవరన్నది అసలు విషయం కాదని అక్కడే తెలుస్తుంది. సలాండర్ ఆ కోపంలోంచి పుట్టిన మనిషి.

లాగర్‌క్రాంట్జ్‌ను కదిలించే విషయం వేరు. ఈ సిరీస్‌కు ముందే ఆయన గణితవేత్త అలన్ ట్యూరింగ్ జీవితం చుట్టూ ఒక నవల రాశారు, ఫుట్‌బాల్ ఆటగాడు జ్లాటాన్ ఇబ్రహిమోవిచ్ ఆత్మకథకు అక్షరరూపం ఇచ్చారు. లోకంతో పొసగని మేధావులంటే ఆయనకు ఆసక్తి. మీరు సగంలో ఆపిన నాలుగో నవలలో ఒక కృత్రిమ మేధ శాస్త్రవేత్త, మాటలు రాకపోయినా చూసిన దృశ్యాన్ని చూసినట్టు గీయగల అతని కొడుకు ఎందుకు ఉన్నారో దీన్నిబట్టి అర్థమవుతుంది. అది ఆయన నిజాయితీగా రాసిన కథే. అయితే ఆయన సలాండర్‌లోని మేధను చూశారు, లార్సన్ ఆమెకు జరిగిన అన్యాయాన్ని చూశారు. మీకు కనిపించని ‘మనుషులు’ బహుశా ఇదే.

రెండో సమాధానం

నేను నాలుగో నవల నుంచి ఒక్క పేజీ కూడా చదవలేదు, చదవను. కారణం సాహిత్యపరమైనది కాదు కాబట్టి ఇక్కడ చెప్పడం సముచితమో కాదో అని కొంత తటపటాయించాను.

లార్సన్ 2004 నవంబరులో యాభయ్యేళ్ల వయసులో గుండెపోటుతో మరణించారు. అప్పటికి మొదటి నవల కూడా అచ్చు కాలేదు. ఎవా గాబ్రియెల్‌సన్ ఆయనతో 32 సంవత్సరాలు కలిసి జీవించారు, కానీ వారు చట్టప్రకారం పెళ్లి చేసుకోలేదు. వీలునామా లేకుండా కన్నుమూస్తే సహజీవన భాగస్వామికి స్వీడన్ చట్టం వారసత్వం ఇవ్వదు. 1977లో రాసుకున్న వీలునామా ఒకటి తరువాత బయటపడినా, దాని మీద సాక్షుల సంతకాలు లేకపోవడంతో అది చెల్లలేదు. అలా నవలల హక్కులన్నీ తండ్రికీ తమ్ముడికీ వెళ్లాయి. సిరీస్‌ను మరొకరి చేత కొనసాగించడాన్ని గాబ్రియెల్‌సన్ బహిరంగంగా వ్యతిరేకించారు. లార్సన్ మొదలుపెట్టి వదిలేసిన తదుపరి నవల రాతప్రతి ఒక ల్యాప్‌టాప్‌లో ఉందన్న సంగతి ప్రపంచమంతటికీ తెలిసినా, లాగర్‌క్రాంట్జ్ దాన్ని ఆధారం చేసుకోకుండా కొత్త కథే రాశారు.

చట్టం వారసుల పక్షాన ఉందని నాకు తెలుసు, వారు తప్పు చేశారని కూడా నేను అనడం లేదు. కానీ ఒక స్త్రీ మాటను వ్యవస్థ లెక్కచేయకపోవడమే ఇతివృత్తంగా సాగిన సిరీస్ ఇది. దాని రచయితతో జీవితం పంచుకున్న స్త్రీకే ఆ సిరీస్ మీద మాట చెల్లలేదన్న సంగతి తెలిసిన తరువాత, ఆ కొత్త పుస్తకాన్ని తెరిచే మనసు నాకు లేదు. ఇది ఇతర పాఠకులకు నేను పెట్టే నియమం కాదు.

మూడో సమాధానం

పై ఇద్దరి మాటల్లోనూ సత్యం ఉంది. అయినా కొనసాగింపు అనే పనినే అనుమానించవలసిన అవసరం లేదని నేను అనుకుంటాను. తెలుగు పాఠకులమైన మనకు ఆ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే, తిక్కన ఆ మిగిలిన భాగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి చివరిదాకా రాశారు. నన్నయకు దాదాపు మూడు వందల ఏళ్ల తరువాత ఎర్రన వచ్చి ఆ నడిమి ఖాళీని పూరించారు. నన్నయ శైలిలో ఎత్తుకుని, క్రమంగా తిక్కన శైలిలోకి ఒదిగిపోయి, ఆ భాగాన్ని తన కాలపు రాజుకు కాక నన్నయ భారతాన్ని రాయించిన రాజరాజ నరేంద్రుడికే అంకితం చేశారు. మహాకావ్యాన్నీ థ్రిల్లర్‌నూ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. ఖాళీ ఎక్కడుందో గుర్తించి అక్కడే నిలబడటం, రెండు గొంతుల మధ్య తన గొంతును తగ్గించుకోవడం అనే విద్య మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఆధునిక ఉదాహరణలు చూడండి. అగాథా క్రిస్టీ వారసుల అనుమతితో సోఫీ హన్నా 2014లో డిటెక్టివ్ పోయిరో నవల రాసినప్పుడు, అతని పాత మిత్రుడు హేస్టింగ్స్‌ను మళ్లీ తీసుకురాలేదు. క్యాచ్‌పూల్ అనే కొత్త పోలీసు అధికారిని సృష్టించి అతని చేత కథ చెప్పించారు. ఆ ఒక్క నిర్ణయంతో క్రిస్టీ వాక్యాన్ని అనుకరించవలసిన అగత్యం తప్పింది, ఎందుకంటే కొత్త మనిషి కొత్తగానే మాట్లాడతాడు. పైగా కథాకాలం 1929. పోయిరోను క్రిస్టీయే స్వయంగా ముగించేశారు కాబట్టి ముందుకు వెళ్లే దారి లేదు, వెనకే ఖాళీ వెతుక్కోవాలి. నిక్ హార్కవే 2024లో తన తండ్రి జాన్ లె కారే సృష్టించిన గూఢచారి స్మైలీని అందుకున్నప్పుడు చేసినదీ అదే. తండ్రి రాసిన రెండు నవలల మధ్య మిగిలిన కాలంలోకి వెళ్లి, 1963లో కథ నడిపించారు. టోనీ హిల్లర్‌మాన్ కూతురు ఆన్ మరో దారి పట్టారు; తండ్రి నవలల్లో పక్కన ఉండిన నవాహో పోలీసు అధికారిణి బెర్నడెట్ మాన్యులీటోను 2013లో కథ నడిమికి తెచ్చారు.

వీటికి భిన్నంగా, జేమ్స్ బాండ్ విషయంలో జాన్ గార్డ్‌నర్‌కు ఎదురైన అనుభవం చూడండి. ఇయాన్ ఫ్లెమింగ్ రాసినవి 12 నవలలు కాగా, గార్డ్‌నర్ 1981 నుంచి 1996 వరకు సొంతంగా 14 రాశారు. అంటే లెక్క ప్రకారం బాండ్ ఫ్లెమింగ్ కంటే గార్డ్‌నర్ చేతిలోనే ఎక్కువ నవలలు బతికాడు. అయినా ఆయన పేరు వచ్చినప్పుడల్లా అభిమానులు మొదట ఎత్తేది బాండ్‌కు సాబ్ కారు ఇచ్చిన విషయమే. వాచీ, కారు, పానీయం వంటి గుర్తుల మీద పాఠకుడికి ఉండే పట్టుదల అంతటిది. ఆ గుర్తులన్నిటినీ యథాతథంగా ఉంచినంత మాత్రాన సరిపోతుందని కూడా కాదు. అలా చేసినవారిని పులిని చూసి నక్క వాత పెట్టుకుందనే అంటాం. కాబట్టి ప్రశ్న అడిగినవారికి నా జవాబు ఏమిటంటే, మీ మొండితనం కొంత ఉంది, అది తప్పేమీ కాదు. కానీ కొత్త రచయిత అసలు ఏ ఖాళీని ఎంచుకున్నారన్నది చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

నాలుగో సమాధానం

ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు. మనలో అధికులు ఈ నవలలను ఇంగ్లీషులోనే చదివాం. లార్సన్ మూడు నవలలను రెగ్ కీలాండ్, లాగర్‌క్రాంట్జ్ మూడింటిని జార్జ్ గోల్డింగ్, స్మిర్నాఫ్ నవలను సారా డెత్ అనువదించారు. అంటే రచయిత మారిన ప్రతిసారీ అనువాదకులు కూడా మారారు. కీలాండ్ అన్నది కూడా అసలు పేరు కాదు. స్టీవెన్ మర్రే అనే అనువాదకుడు, తన అనువాదంలో ప్రచురణ సమయంలో చేసిన మార్పులు నచ్చక మారుపేరు పెట్టుకున్నారు. కాబట్టి ‘లార్సన్ గొంతు’ అని మనం గుర్తుపట్టేదానిలో ఎంత భాగం లార్సన్‌ది, ఎంత భాగం మర్రేది, ఎంత భాగం ఆ దిద్దుబాట్లది అన్నది ఇంగ్లీషు చదివి తేల్చలేం. వాక్యం మీద తీర్పు చెప్పేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. కథ, పాత్రల నడత, రచయిత దృష్టి మీద మాత్రం నిస్సంకోచంగా మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ఐకియా జాబితా గురించి చదివాక ఆ పేజీలు మళ్లీ తీసి చూశాను. మూడుసార్లు చదివినా నేను వాటిని దాటవేస్తూనే వచ్చానని ఇప్పుడు గమనించాను. గాబ్రియెల్‌సన్ విషయం కొంత తెలుసు గానీ, ఆ కోణంలో ఎన్నడూ ఆలోచించలేదు. దాని మీద నా మనసు ఇంకా ఒక కొలిక్కి రాలేదు. ఒక్క విషయం అడగాలని ఉంది. స్మిర్నాఫ్ ఏ ఖాళీని ఎంచుకున్నారు? కథను బయటపెట్టకుండా చెప్పగలిగితే మేలు.

ఐదో సమాధానం

నేను ఏడో నవల పూర్తిగా చదివాను కాబట్టి చెప్పగలను. ముఖ్యమైన మలుపులు బయటపెట్టను.

స్మిర్నాఫ్ కథను స్టాక్‌హోమ్ నుంచి కదిలించి స్వీడన్ ఉత్తరాదికి, నార్‌లాండ్‌లోని గాస్కస్ అనే కల్పిత పట్టణానికి తీసుకెళ్లారు. లార్సన్ పుట్టింది, అమ్మమ్మ తాతయ్యల దగ్గర చిన్నతనం గడిపింది ఆ ఉత్తరాదిలోనే. స్మిర్నాఫ్ కూడా ఆ ప్రాంతపు మనిషే. అక్కడి గాలి, నీరు, అడవి మీద కన్నేసిన పెట్టుబడి, దానికి లొంగే స్థానిక రాజకీయం కథకు నేపథ్యం. పై వారు చెప్పిన కోపం ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది, అయితే ఈసారి దాని గురి నేల మీదికి, ఆ నేల మీద బతికేవారి మీద జరిగే దోపిడీ మీదికి మళ్లింది. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగే హింసను స్మిర్నాఫ్ ఈ సిరీస్‌కు ముందు రాసిన సొంత నవలల్లో కూడా పట్టించుకున్నారు. అందుకే ఆ ఘట్టాలు అరువు తెచ్చుకున్నట్టు ఉండవు.

బ్లూమ్‌క్విస్ట్ తన కూతురు పెర్నిలా పెళ్లి కోసం అక్కడికి వెళ్తాడు. సలాండర్ వెళ్లేది స్వాలా అనే పదమూడేళ్ల పిల్ల కోసం. తల్లి కనిపించకుండా పోయిన ఆ పిల్ల మీకు రెండో, మూడో నవలల్లో తెలిసిన నీడర్‌మాన్ (సలాండర్ సవతి సోదరుడు) కూతురు, అంటే సలాండర్‌కు మేనకోడలు. మీ చిన్న సందేహానికి జవాబు ఇక్కడే ఉంది. ఏడో నవల దారం లార్సన్ నవలల నుంచి నేరుగా వస్తుంది కాబట్టి నాలుగు, ఐదు, ఆరు చదవకపోయినా మీకు పెద్దగా ఇబ్బంది ఉండదు; వాటిలో నడిచేది వేరే కథ, ముఖ్యంగా నాలుగు, ఆరు నవలల్లో సలాండర్‌కూ ఆమె కవల సోదరి కామిలాకూ మధ్య.

లోపాలు లేవని అనను. ప్రతినాయకుడిని మరీ పెద్దగా చేసి చూపారు. లార్సన్ దుర్మార్గులు పక్కింట్లో, పక్క ఆఫీసులో ఉండగలిగినవారు కాబట్టే భయపెట్టేవారు. ఇతను అలా భయపెట్టడు. చాలా పాత్రల వైపు నుంచి కథ చెప్పడం వల్ల మొదటి నూరు పేజీల్లో ఎవరెవరో తెలుసుకోవడానికి కొంత ఓపిక కావాలి. బ్లూమ్‌క్విస్ట్ డీలా పడి ఉంటాడు. అది వయసు తెచ్చిన మార్పుగా నేను ఒప్పుకున్నాను గానీ మీరు ఒప్పుకోకపోవచ్చు.

సలాండర్ విషయానికి వస్తే, ఎవరి సంరక్షణనూ నమ్మని మనిషికి ఒక పిల్ల సంరక్షణ అప్పజెప్పడంలోనే స్మిర్నాఫ్ ఎంచుకున్న ఖాళీ ఉంది. చిన్ననాడు తనను రాజ్యం ఎలా చూసిందో మరిచిపోని సలాండర్, ఇప్పుడు అదే రాజ్యం పంపిన కాగితాల మీద సంరక్షకురాలిగా సంతకం చేయాలా వద్దా అన్న మీమాంసలో పడుతుంది. ఆ పిల్ల కూడా తేలిగ్గా లొంగేది కాదు. వారిద్దరూ ఒకరినొకరు తూకం వేసుకుంటూ, సగం మాటల్లో మాట్లాడుకునే సన్నివేశాలు చదువుతున్నంతసేపూ నాకు రచయిత ఎవరన్న సంగతి గుర్తుకు రాలేదు.