మెండోటా నీళ్లు పచ్చబడితే బిల్లు ఎవరు కట్టాలి?

గట్టుమీదబడుద్ధాయి:
అమెరికాలోని మాడిసన్‌లో ఉంటున్నాను. సాయంత్రమైతే మెండోటా సరస్సు గట్టే మాకు దిక్కు. ఇక్కడ ఎండాకాలం వస్తే నీళ్లు పచ్చబడి ఒకటే గొడవ. 2009లో యూనివర్సిటీ పిల్లలు క్లాసులో భాగంగా పడవ మీద వెళ్లి వల వేస్తే బైథోట్రెఫీస్ అనే ముళ్లతోక పురుగు పడింది. యూరప్ వైపుది. ఓడలు అడుగున నింపుకునే నీళ్లతో వచ్చి 1980లలో అమెరికా, కెనడాల మధ్య ఉన్న గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల్లో దిగింది. నాచును మేసే డాఫ్నియా అనే చిన్న జీవిని ఇది తినేసింది. దాంతో నీటి తేట, అంటే పైనుంచి చూస్తే లోపలికి కనిపించే లోతు, దాదాపు ఒక మీటరు తగ్గింది. పాత తేట రావాలంటే సరస్సులోకి చేరి నాచును పెంచే ఫాస్ఫరస్‌ను 71 శాతం తగ్గించాలనీ, అందుకు 8.65 కోట్ల నుంచి 16.3 కోట్ల డాలర్లు అవుతుందనీ 2016లో ఒక పరిశోధన లెక్క కట్టింది. ఆ ఫాస్ఫరస్ ఎక్కువగా వచ్చేది చుట్టుపక్కల పాడి రైతుల పేడ, ఎరువుల నుంచే. ఓడ తెచ్చిన పురుగుకి రైతు ఎందుకు కట్టాలి?

కైకలూరుచేపలు:
కట్టక్కర్లేదు. పురుగును చంపండి. మా నర్సరీ చెరువుల్లో స్పాన్ (అప్పుడే పుట్టిన చేపపిల్లలు) వదిలే ముందు సబ్బు, నూనె కలిపి చల్లుతాం. నీటి పురుగులు తెల్లారేసరికి తేలిపోతాయి.

మైక్రోస్కోప్‌మాస్టారు:
బాబాయ్ గారూ, మీ మందు పైకొచ్చి గాలి పీల్చే పురుగులకి. ఇది నీళ్లలోనే ఊపిరి తీసుకుంటుంది. పైగా మెండోటా సుమారు 39 చదరపు కిలోమీటర్లు, 25 మీటర్ల లోతు. ఎన్ని డ్రమ్ముల సబ్బు పోస్తారు?

అసలు తలనొప్పి దాని బతుకు తీరులో ఉంది. లెన్స్ కింద పెట్టి చూస్తే మొత్తం సెంటీమీటరు పైచిలుకు, అందులో సగానికి మించి తోక ముల్లే. చర్మం వదిలినా ఆ ముల్లును మాత్రం వదలదు, కొత్త ముళ్ల జత చేర్చుకుంటుంది. ఆ జతలు లెక్కపెట్టి అది ఏ దశలో ఉందో చెప్పొచ్చు. చిన్న చేపకి ఆ ముల్లు మింగుడు పడదు. వేసవిలో ఆడవే, మగతోడు లేకుండా పిల్లల్ని కంటాయి. చలి దగ్గరపడ్డాక మగవి పుడతాయి, అప్పుడు గట్టి పెంకు గుడ్లు బురదలోకి దిగుతాయి. చేప మింగినా కొన్ని గుడ్లు చెక్కుచెదరకుండా బయటికొస్తాయి. నీళ్లలో ఉన్నవాటన్నిటినీ చంపారే అనుకోండి, వసంతంలో బురద మళ్లీ పిల్లల్ని లేపుతుంది.

ఇంకో మాట. 2009 అనేది మనం చూసిన సంవత్సరం, అది వచ్చిన సంవత్సరం కాదు. అడుగు బురదను పొరలు పొరలుగా తీసి చూస్తే, కనీసం పదేళ్ల ముందు నుంచే అక్కడక్కడా ఉందని తేలింది. దీనికి వెచ్చటి నీళ్లు పడవు. 2009 వేసవి మామూలు కంటే చల్లగా గడిచింది, ఒక్కసారిగా విజృంభించింది.

కైకలూరుచేపలు:
సరే మాస్టారూ, ఒప్పుకున్నా. మరి నాదొక ప్రశ్న. 2009కి ముందు కూడా అదే పేడ, అదే పొలాలు కదా? నీళ్లు తేటగానే ఉన్నాయి కదా? అంటే దొంగ ఎవరు?

మైక్రోస్కోప్‌మాస్టారు:
మంచి దెబ్బే కొట్టారు. కానీ ఆ తేట వెనక కథ చూడండి. 1987 వేసవి వేడికి సిస్కో అనే చేపలు కుప్పలుగా చచ్చాయి. డాఫ్నియాని తినేవి అవే. ఆ తర్వాత వాలై, పైక్ లాంటి వేటచేపల్ని వదిలి చిన్న చేపల్ని అదుపులో పెట్టారు. డాఫ్నియా పెరిగి నాచును తినేసింది. పేడ తగ్గలేదు, దాని ఫలితాన్ని డాఫ్నియా కప్పేసింది అంతే. కప్పు తీసేసింది పురుగు, కింద ఉన్నది మాత్రం మనదే.

గట్టుమీదబడుద్ధాయి:
2015లో జీబ్రా ఆల్చిప్పలు అనే ఇంకో బయటి జీవి కూడా ఈ సరస్సులో దొరికింది. ఇక ఎవరి వాటా ఎంతో ఎవరు తేలుస్తారు?

కైకలూరుచేపలు:
మీరు ఎటు తిప్పినా రైతు దగ్గరే ఆగుతున్నారు. ఓడలవాళ్లని ఒక్కరూ అడగరేం? గట్టు మీద ఇళ్లు కొన్నవాళ్లకి తేట కావాలి, వాళ్లూ వెయ్యాలి నాలుగు డాలర్లు. మా దగ్గర కాలవలో మురుగు వదిలేది ఒకడు, చేప చచ్చేది ఇంకొకడిది.

మైక్రోస్కోప్‌మాస్టారు:
ఇళ్లవాళ్ల మాట నాకూ సమ్మతమే. పేడ నిల్వకి షెడ్డు కట్టుకునే ఖర్చు రైతు ఒక్కడి నెత్తినే వెయ్యమని నేనూ అనను. చెయ్యాల్సిన పని ఏది అన్న దగ్గరే మన గొడవ, డబ్బు ఎవరిదన్న దగ్గర కాదు.

గట్టుమీదబడుద్ధాయి:
మొన్న ఆదివారం గాలం లాగితే దారానికి తడి దూదిలా ముద్ద పట్టింది. అన్నీ ముళ్లతోకలే. గోరుతో గీకాను, దారం ఎండబెట్టాను. వచ్చే వారం ఇంకో సరస్సుకి వెళ్దామంటున్నాడు రూమ్మేట్, వాడి బకెట్టు ఇంకా తడిగానే ఉంది.